పిట్లంలో ఇచ్చిన చెల్లెలు

కొత్తగా నర్సు ఉద్యోగంలో చేరిన పిల్లలు ఇద్దరు మొన్న మా ఇంటికి వచ్చారు. "మేడం, మీరు ఇన్నేండ్లు జనాన్ని పరీక్షలకు ఎట్ల ఒప్పించిన్రు? మేం పిలిస్తే ఒక్కలు గూడ వస్తలేరు" అన్నారు. వాళ్లకు నేను గెలిచిన బేరాలు నాలుగు చెప్పి, చాయ్ ఇచ్చి పంపించాను. నవ్వుకుంటూ వెళ్లారు. వాళ్లు వెళ్లాక, చెప్పాల్సింది అది కాదనిపించింది. చెప్పాల్సింది ఇక్కడ రాస్తున్నాను. ఇందులో నవ్వు తక్కువ.

ముందు నా సంగతి. నేను బాన్సువాడ బజార్లో, కిరాణా దుకాణం తక్కెడ పక్కన పెరిగాను. మా ఇంట్లో పిల్లలకు అక్షరాల కంటే ముందు బేరం వచ్చేది. అడిగినదానికి సగం చెప్పడం, లేచి వెళ్లిపోతున్నట్టు నటించడం, మెట్టు దిగాక వెనక్కి పిలిపించుకోవడం నాకు ఎవరూ నేర్పలేదు. ఊళ్లు తిరిగే నర్సుగా చేరి, సూపర్‌వైజర్‌గా రిటైరయ్యేదాకా అదే విద్యతో నెట్టుకొచ్చాను. బిడ్డకు టీకా వేయించడానికి తల్లి "వచ్చే నెల" అనేది, నేను "ఇప్పుడే" అనేదాన్ని, రేపు పొద్దున దగ్గర తెగేది. మా దవాఖానలో ల్యాబ్ చూసే అతను ఆటపట్టించేవాడు.

"మేడం, యముడొచ్చినా నువ్వు ఇంకో రెండేండ్లు కలుపుమంటవ్."

"రెండుతోని షురూ చేస్తే ఒకటి ఇస్తడు. నేను ఐదుతోని షురూ చేస్త" అనేదాన్ని.

ఇంత తెలివి ఉందనుకునేదాన్ని.

మా దవాఖానకు కూతవేటు దూరంలో ఒక అడ్తి దుకాణం ఉంది. రైతులు తెచ్చిన వడ్లు, శనగలు, సోయా తూచి, కొనేవాళ్లకు అమ్మిపెట్టే దుకాణం. ముగ్గురన్నదమ్ములు నడిపేవారు. పెద్దాయన గద్దె మీద కూర్చునేవాడు, నడిపాయన మాట్లాడేవాడు, చిన్నవాడు సంచుల మధ్య తిరిగేవాడు. ఈ ముగ్గురి తర్వాత ఒక చెల్లెలు. ఆమెను పిట్లంలో ఇచ్చారు. అక్కడ భర్తది బస్టాండు పక్కన చిన్న కిరాణా. ఒక్కతే కూతురు.

ఒక వానాకాలం పెద్దాయనకు కడుపునొప్పి పట్టుకుంది. ఇక్కడ చూపించి, అక్కడ చూపించి, చివరికి హైదరాబాద్ తీసుకుపోతే పెద్దపేగు క్యాన్సర్ అన్నారు. ఆయనకు యాభై నిండలేదు. ఆపరేషన్ అయ్యాక అక్కడి డాక్టర్ నడిపాయనను పక్కకు పిలిచి చెప్పాడు: ఇంత తక్కువ వయసులో వచ్చింది కాబట్టి తోడబుట్టినవాళ్లందరూ పేగులోకి సన్న గొట్టం వేసి చూసే పరీక్ష చేయించుకోవాలి. ఈ జబ్బు చాలాసార్లు చిన్న పిలకగా మొదలవుతుంది. పిలకగా ఉన్నప్పుడు కనబడితే ఆ గొట్టంతోనే తీసేస్తారు. వదిలేస్తే ఏళ్లు గడిచి గడ్డవుతుంది.

నడిపాయన తల ఊపి వచ్చేశాడు. కాగితాలు చూపించడానికి మా దవాఖానకు వచ్చి అక్కడా అలాగే ఊపితే, ఆ ఊపడం ఎలాంటిదో మా డాక్టరమ్మకు అర్థమైంది. నన్ను పిలిచి, "మేడం, మీ బజారు మనుషులే గద. మీరు పోతేనే పని అయితది" అంది.

నేను వెళ్లేసరికి వడ్ల సీజన్. దుకాణం ముందు రోడ్డు సగం దాకా సంచులు. నడిపాయన చేతిలో బస్తాకు గుచ్చి గింజలు తీసే ఇనుప గొట్టం.

"రా అక్కా, కూసో. చాయ్ చెప్పాల్నా?"

"చాయ్ తర్వాత. అన్నకెట్లుంది?"

"మంచిగనే ఉన్నడు. కీమో ఇస్తున్రు. హైదరాబాద్‌ల బిడ్డ ఇంట్ల ఉన్నడు."

"మరి మీ పరీక్షలు?"

"అయితయి తియ్ అక్కా. సీజన్ కానీ."

"సీజన్ కోసం కడుపు ఆగుతదా తమ్మీ?"

నా మీద గొంతు పెంచలేడు. మా నాయన దుకాణంలో వాళ్ల నాయనకు ఖాతా ఉండేది. కాసేపు ఆలోచించి, సంచుల వెనక ఉన్న చిన్నవాణ్ణి కేకేశాడు.

"చూడక్కా. మేం ఒక్క అవ్వ కడుపుల పుట్టినోళ్లం. ఒక్కటే తిండి, ఒక్కటే నీళ్లు, ఒక్కటే రక్తం. గీన్ని తీస్కపో. గీనిది సాఫ్ వస్తే నాది గూడ సాఫే."

"అదెట్ల?"

చేతిలోని గొట్టం పైకెత్తి చూపించాడు. "రైతు తెచ్చిన లాట్ల ఒక్క బస్తా గుచ్చి చూస్తం. అన్ని గుచ్చుకుంట కూసుంటమా? పొద్దున లేస్తే గిదే గద మా పని."

చిన్నవాడు, "అంటే నేను శాంపిల్ బస్తానా?" అన్నాడు.

"నువ్వు గట్లనే ఉన్నవ్ గదరా, బస్తా లెక్క."

మీకు ఇది మూర్ఖంగా కనబడుతుంది. నాకు మాత్రం ఒక అర నిమిషం న్యాయంగానే తోచింది. నేను పుట్టిన బజార్లో దేన్నయినా అలాగే కొంటారు. పప్పు పిడికెడు నోట్లో వేసుకుని మూట కొంటారు. తర్వాత నర్సు చదువు గుర్తొచ్చింది. చదువు గుర్తొచ్చినా అతనికి చదువు చెబితే లాభం లేదు. అందుకని బజారు భాషలోనే అడిగాను.

"మొన్నటి వానకు రోడ్డు మీద కుప్పలు తడిసినయి గద. గా లాట్ల గూడ ఒక్క బస్తా గుచ్చే కొన్నవా?"

"పాగల్‌నా ఏంది అక్కా? తడిసిన మాలయితే ఒక్కొక్క బస్తా గుచ్చి చూస్త. ఏది ముక్కిందో పైకెల్లి ఏం తెలుస్తది?"

"మీ ఇంట్ల వాన పడ్డది తమ్మీ."

అతను గొట్టం సంచి మీద పెట్టాడు. చిన్నవాడు పకపకా నవ్వి, "దొరికినవ్ అన్నా" అన్నాడు. ఆ తర్వాత రోజు కోసం బేరం. అతను కార్తీక పున్నమి వెళ్లాక అన్నాడు, నేను రేపు అన్నాను, బుధవారం దగ్గర ఖరారైంది.

ఆ పరీక్షకు ముందురోజు పేగు కడగడానికి మందు పొడి కలిపిన నీళ్లు లీటర్ల కొద్దీ తాగాలి. బుధవారం పొద్దున నిజామాబాద్ పోయే బండిలో అన్నదమ్ములిద్దరూ పీల్చుకుపోయిన ముఖాలతో కూర్చున్నారు. "ఇంట్ల లెట్రిన్ ఒక్కటే అక్కా" అన్నాడు చిన్నవాడు. "రాత్రి నేను లోపటుంటే అన్న తలుపు కొట్టుడు, అన్న లోపటుంటే నేను కొట్టుడు. మా వదిన దండం పెట్టి వాళ్ల అవ్వగారింటికి పోయింది." ఆ దారంతా నవ్వుకున్నాం. ఈ కథలో నవ్వుకున్న దారి అదొక్కటే.

చిన్నవాడి పేగు శుభ్రంగా ఉంది. నడిపాయన పేగులో రెండు పిలకలు కనబడ్డాయి. అప్పటికప్పుడు గొట్టంతోనే తీసేశారు. డాక్టర్ అతనితో, "మంచి టైముకు వచ్చినవ్. ఇంకొన్నేండ్లు పోతే ఇవే నీకు మీ అన్న లెక్క అయ్యేటియి" అన్నాడు.

తిరిగివచ్చేటప్పుడు నడిపాయన చాలాసేపు కిటికీలోంచి పొలాలు చూస్తూ కూర్చున్నాడు. నస్రుల్లాబాద్ దాటాక మెల్లగా అన్నాడు. "చిన్నోన్ని పంపి నేను ఇంటికాడ కూసుంటుంటి అక్కా."

మరునాడు దవాఖానలో నేను నడిచిన నడక చూడాల్సింది. ల్యాబ్ అతను లేచి నిలబడి సెల్యూట్ కొట్టాడు. డాక్టరమ్మ, "ఇద్దర్ని ఒక్కనాడే!" అంది. "తోడబుట్టినోళ్లు ముగ్గురు గదా, ఇంకొక్కరున్నరు" అన్నాను. గెలిచిన ఊపులో, అది చిల్లర పనిలాగా అన్నాను.

వారం తర్వాత మళ్లీ దుకాణానికి వెళ్లాను. ఈసారి అడగకుండానే చాయ్ వచ్చింది.

"ఇగ పిట్లం చెల్లె ఎప్పుడు?"

నడిపాయన నిజంగానే ఆశ్చర్యపోయాడు. "ఆమెకెందుకక్కా?"

"ఎందుకేంది? నీ తోడబుట్టింది గాదా?"

"పుట్టింది. ఇచ్చినంక వాళ్ల ఇంటి మనిషే గద. మా అయ్య పోయిన్నాడు మాకు పదకొండొద్దుల మైల. ఆమె మూడొద్దులకు తానం జేసి ఎల్లిపోయింది. మైలనే పట్టనిదానికి మా ఇంటి రోగం ఎట్ల పడ్తది?"

అతను నన్ను ఆటపట్టించడం లేదు. తూకం వేసి చెప్పినంత నమ్మకంగా చెప్పాడు. మూడో రోజు స్నానం చేసి వెళ్లిపోయినదాన్ని నేను కూడా. మా నాయన పోయినప్పుడు నాలుగో రోజు డ్యూటీలో ఉన్నాను. నా తమ్ముళ్లు ఇంకా గడప దాటలేదు. మా దుకాణం బోర్డు మీద నాయన పేరు పక్కన ఈరోజుకీ 'అండ్ సన్స్' అనే ఉంటుంది. అది తప్పని నాకూ ఎన్నడూ తోచలేదు. కాని ఆ లెక్క కడుపు లోపలికి కూడా పోతుందని ఎవరన్నా అనగా వినడం అదే మొదలు.

"తాళి కడితే ఇంటిపేరు మారుతది. పేగులు మారయి తమ్మీ. నీకెంతనో ఆమెకంతే."

అతను అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "అక్కా, నీకు తెల్వందేముంది? వాళ్లింట్ల అన్నకు పేగు మెలిపడ్డదని చెప్పినం. క్యాన్సరంటే రోగమున్న ఇంటి పిల్లను తెచ్చుకున్నమంటరు. చెల్లె పోరి గూడ ఎదిగింది, రేపు సంబంధాలు చూడాలె. నిమ్మలంగ చెప్పాలె. సీజన్ కానీ, నేనే పోయి చెప్త. నువ్వు మాత్రం పోకు."

పోవడానికి నాకు దారి కూడా లేదు. పిట్లం మా పరిధి కాదు. దానికంటే పెద్ద అడ్డం, ఒకరి జబ్బు ఇంకొకరికి చెప్పే హక్కు నాకు లేదు. పెద్దాయన నోటితో చెప్పాలి, లేదా ఆయన చెప్పమనాలి. ఆయనేమో హైదరాబాద్‌లో మందులకు వాంతులు చేసుకుంటూ పడుకుని ఉన్నాడు. నేను ఫోన్ చేస్తే, ఆరోజు అన్నను చూడటానికి వెళ్లిన నడిపాయనే ఎత్తి, "అన్నకు గివన్నీ ఇప్పుడెందుకు" అన్నాడు. అందుకని పిట్లంలో పనిచేసే నా పాత స్నేహితురాలికి, ఆమెను క్యాంపుకు పిలిపించి ఒకసారి చూడమని మాత్రం చెప్పాను. ఆమె పిలిపించింది. బీపీ, షుగర్, నోరు, రొమ్ము, అన్నీ చూశారు. అన్నీ బాగున్నాయి. పెద్దపేగు మాత్రం ఏ క్యాంపులోనూ కనబడదు.

ఆ కబురు నాకంటే ముందు నడిపాయనకు చేరింది. నేను వెళ్లగానే సంతోషంగా ఎదురొచ్చాడు.

"అక్కా, నీ ఫికర్ తీరింది. చెల్లెకు పరీక్షలైనయంట. అన్నీ మంచిగనే ఉన్నయంట."

"గవి గాదు తమ్మీ. నీకు చేసిన పరీక్ష."

"సరే, చెప్తనన్న గద."

వడ్ల సీజన్ అయిపోయింది. శనగలొచ్చాయి. పెళ్లిళ్లొచ్చాయి. యాసంగి వడ్లొచ్చాయి. నేను వెళ్లినప్పుడల్లా గడువు పెట్టేదాన్ని, అతను పొడిగించేవాడు. నేను కోపం తెచ్చుకుని మెట్లు దిగేదాన్ని, అతను వెనక్కి పిలిచి, "పక్కా అక్కా, ఈసారి పక్కా" అనేవాడు. ఇద్దరం ఒకే బజారు మనుషులం, ఇద్దరికీ ఆట వచ్చు. ఎవరి ప్రాణం గురించి బేరమాడుతున్నామో ఆమెకు బేరం నడుస్తున్నట్టే తెలియదు.

శ్రావణం వచ్చింది. పెద్దాయన మందులు పూర్తయి బాన్సువాడకు తిరిగి వచ్చాడని తెలిసింది. రాఖీ పున్నమికి చెల్లెలు తప్పకుండా వస్తుంది. మా దగ్గర రాఖీ నాడు బస్సుల్లో నిలబడటానికి చోటుండదు, ఆడవాళ్లందరూ పుట్టింటి దారే. నేను పొద్దున్నే మా తమ్ముళ్లకు రాఖీలు కట్టేసి, వాళ్లు పెట్టిన చీర రంగు బాగాలేదని ఇంకో చీరకు మాట తీసుకుని, అటునుంచి అటే అడ్తి వాళ్లింటికి వెళ్లాను.

చెల్లెలు అప్పటికే వచ్చింది. నలభై దాటి ఒకటో రెండో ఏళ్లు. పక్కన కూతురు, డిగ్రీ చదువుతున్న పిల్ల. నేను చెల్లెలు ముఖమే చూశాను. పెదవులు, గోళ్లు, కింది రెప్ప, అన్నీ పాలిపోయి ఉన్నాయి. అలాంటి ముఖాలు చూడటమే నాకు అన్నం పెట్టిన పని.

"రా అక్కా" అంది నవ్వుతూ. "మా అన్నలు నీకు గూడ చీర పెడ్తరేమో చూడు. నాకైతే ఏటా ఒక్కటే రంగు."

పెద్దాయన మంచం మీద కూర్చున్నాడు. చిక్కిపోయాడు కాని కళ్లలో ప్రాణం ఉంది. చెల్లెలు బొట్టు పెట్టి, రాఖీ కట్టి, నోట్లో మిఠాయి పెట్టింది. ఆయన ఆమె తలమీద చెయ్యి పెట్టి, మామూలుగా అడిగాడు.

"నీ పరీక్ష మంచిగనే వచ్చిందంట గద చెల్లె? నడిపోడు చెప్పిండు. గది విన్నంకనే నాకు నిద్రపట్టింది."

"ఏం పరీక్షన్నా?"

"నీ పరీక్ష. పేగుది."

"పేగుదేంది? బీపీ, షుగర్ చూసిండ్రు క్యాంపుల. నా పేగుకేమైంది? మెలిపడ్డది నీకు గద?"

పెద్దాయన తమ్ముడి వైపు చూశాడు. నడిపాయన చేతిలో ఫోను చూసుకుంటున్నాడు. ఆ ఫోను వెలగడం లేదు. చిన్నవాడు లేచి బయటికి వెళ్లాడు. నేను గుమ్మం దగ్గరే నిలబడి ఉన్నాను. 

"నాది మెలి గాదు చెల్లె" అన్నాడు పెద్దాయన. "క్యాన్సర్. మనందరం చూపించుకోవాలన్నరు. వీళ్లిద్దరికీ చేపిచ్చిండ్రు. వీనికి రెండు పిలకలుంటే తీసేసిండ్రు. నీకు గూడ అయిందని చెప్పిండు వీడు."

"అయిందనే అనుకున్న అన్నా" అన్నాడు నడిపాయన. "క్యాంపుల అన్నీ చూసిన్రంటే…"

"అనుకున్నవా?"

"చెప్పాలెననే ఉండె."

చెల్లెలు అన్నలిద్దరినీ, నన్నూ చూసి మొదట నవ్వింది. ఏదో వేళాకోళం జరుగుతోందని అనుకున్నట్టుంది. నవ్వు ఆగాక నన్ను చేయి పట్టుకుని లోపలి గదిలోకి తీసుకుపోయింది. తలుపు దగ్గరగా వేసింది.

"అక్కా, దొడ్డికి పోతే రక్తం పడుడు గూడ గిదేనా?"

"ఎన్నొద్దుల సంది?"

"శనగలు కోసే కాలం సంది. మా ఆరెంపీ డాక్టర్ మొలలన్నడు. గోలీలిచ్చిండు. రక్తం తక్కువున్నదని టానిక్ గూడ తాగుతున్న."

"ఎవరికన్న చెప్పినవా?"

"మొలలని ఎవలకు చెప్తరక్కా? అన్నలకు చెప్తమా?"

అవతల గదిలో పెద్దాయన గొంతు వినబడుతోంది. ఆ మనిషి అంత పెద్దగా అరవగలడని నాకు తెలియదు. అరిచి అరిచి దగ్గు తెచ్చుకున్నాడు. ఆమె ఉన్నచోటనే నిలబడి వింది. తర్వాత కొంగుతో ముఖం తుడుచుకుని, "నడు అక్కా, అన్నం తిందాం. మా వదిన పొద్దటి సంది చేస్తుంది" అంది. అందరం కూర్చున్నాం. ఎవరూ తినలేదు. ఆమె తింది.

ఆ వారంలోనే నిజామాబాద్ వెళ్లాం. బండి నడిపాయన నడిపాడు. ఆమె భర్త, కూతురు వెనక కూర్చున్నారు. నేను సెలవు పెట్టి వెళ్లాను. భర్త మంచివాడు. నడిపాయన భయపడినట్టు ఒక్క మాట కూడా అనలేదు. దారిలో రెండుసార్లు, "ముందుగాల చెప్తే దుకాణం మూసి తీస్కపోతుంటి గద బావా" అన్నాడు, అంతే.

లోపలికి తీసుకెళ్లిన కాసేపటికే డాక్టర్ బయటికి వచ్చాడు. అంత త్వరగా వస్తే మంచిది కాదని నాకు తెలుసు.

"గొట్టం ముందుకు పోవడం లేదు. గడ్డ అడ్డం ఉంది. ముక్క తీసి పరీక్షకు పంపిస్తున్నాను" అన్నాడు. రిపోర్టు రావడానికి ఇంకా రోజులున్నాయి కాని, ఆయన మా ఎవరి ముఖమూ చూడకుండా మాట్లాడాడు.

మత్తు దిగాక ఆమెను వరండాలో కుర్చీలో కూర్చోబెట్టారు. నేను నీళ్లు పట్టాను. ఆమె నడిపాయనను దగ్గరికి పిలిచింది.

"అన్నా, నీకు గప్పుడు తీసినయి ఎంతుండె?"

"చిన్నయి చెల్లె."

"చిన్నయంటే ఎంత? చూపియ్యి."

అతను బొటనవేలి గోరు మీద చూపుడువేలు ఆనించి చూపించాడు. "శనగ గింజంత గూడ లెవ్వు."

ఆమె ఆ గోరు వైపు చూస్తూ ఉంది. కోపం లేదు. దుకాణంలో వస్తువు చూసినట్టు చూసింది.

"నాకు గూడ గప్పుడు గంతనే ఉండెనేమో" అంది.

నడిపాయన వరండాలో కింద కూలబడ్డాడు. ఎన్ని లాట్లు కొని, ఎన్ని అమ్మి, ఎంతమంది రైతులను మాటలతో తిప్పిన మనిషి!  గోడకు తల ఆనించుకుని ఏడ్చాడు. అటు వెళ్లేవాళ్లు ఆగి, ఎవరో పోయారనుకుని ఆమెనే ఓదార్చబోయారు. ఆమె వాళ్లకు చేత్తో వద్దని చెప్పి, వంగి అన్న భుజం తట్టింది.

"లే అన్నా. బండి నువ్వే నడపాలె."

హైదరాబాద్‌లో ఆపరేషన్ చేశారు. కడుపు తెరిచాక తెలిసింది, కాలేయానికి పాకిందని. తర్వాత మందులు నడిచాయి. నడిపాయన ప్రతిసారీ తానే తీసుకుపోయాడు. రెండు వడ్ల సీజన్లు దుకాణం చిన్నవాడి మీద వదిలేశాడు. నేను రెండుసార్లు చూడటానికి వెళ్లాను. రెండోసారి ఆమె, "అక్కా, నీ బేరం ఏమన్న నడుస్తదా?" అని అడిగింది. నవ్వుతూనే అడిగింది. నేను కూడా నవ్వాను. ఆ నవ్వు నా ముఖం మీద ఎట్లా ఉందో నాకు తెలియదు.

పెద్దాయన ఉన్నాడు. ఈరోజుకీ గద్దె మీద కూర్చుంటాడు. ఆమె పోయింది.

నేను రిటైరైన రోజు దవాఖానలో శాలువా కప్పి, ల్యాబ్ అతను మైకు తీసుకుని, "మేడం ఓడిన బేరం లేదు" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. అప్పటికే ఫోటోలు తీస్తున్నారు. నేను నమస్కారం పెట్టాను.

ఇప్పుడు మీకు చెప్పాల్సిన మాట. చెల్లెలు పోయిన కొన్ని నెలలకు నడిపాయన ఆమె కూతుర్ని వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చాడు. నేను అడగకుండానే, "గీమెకు ఎప్పుడు చేపియ్యాలె అక్కా?" అన్నాడు. తల్లికి జబ్బు బయటపడిన వయసుకు పదేళ్ల ముందు నుంచి చూపించుకోవాలని డాక్టర్లు అంటారు. అంటే ఆ పిల్లకు ముప్పై వచ్చేసరికి. ఆరోజు ఆమెకు ఇరవై. నేను చెప్పగానే నడిపాయన తల ఊపాడు. ఈసారి ఊపడం వేరుగా ఉంది. పిల్ల మాత్రం చేతివేళ్లు చూసుకుంటూ అంది.

"గప్పటికి నేను ఏ ఊర్ల ఉంటనో పెద్దమ్మా."

ఆ మాట నిజం. ఆమెను ఇంకో ఊరికి ఇస్తారు. ఇంటిపేరు మారుతుంది. ఆమె పేరు ఇంకో మండలంలో, ఇంకో నర్సు తిరిగే వీధిలో తేలుతుంది. అక్కడ ఆమె తల్లి ఎవరో, మేనమామకు ఏమైందో ఎవరికీ తెలియదు. మీరు వాళ్లింటికి వెళ్తారు, బీపీ చూస్తారు, షుగర్ చూస్తారు, బాగున్నాయని చెప్పి వచ్చేస్తారు. అందుకే అంటున్నాను, కోడళ్లను వాళ్ల అత్తగారింటి జబ్బుల గురించి అడిగి ఊరుకోకండి. వాళ్లను కన్న ఇంటి సంగతి అడగండి. అత్త లేనప్పుడు అడగండి.

ఆరోజు నేను ఆ పిల్లకు ఒక మాట నేర్పాను. "మా అమ్మకు, మా పెద్ద మామకు పెద్దపేగు క్యాన్సర్ వచ్చింది. నాకు ముప్పైకల్లా పరీక్ష చెయ్యాలె." జలుబుకు పోయినా, కాన్పుకు పోయినా, ఏ డాక్టరుకైనా మొదట ఈ మాట చెప్పాలన్నాను. మొదటిసారి గొణిగింది. ఇంకోసారి అనిపించాను. ఇంకా గట్టిగా అనమన్నాను. మా ఇంటి గోడ అవతల వాళ్లకు వినబడేదాకా అనిపించాను. నడిపాయన బయటికి వెళ్లి చెప్పులేసుకుంటూ నిలబడ్డాడు.

కిందటేడు ఆమె పెళ్లయింది. మద్నూర్ దాటి, రాష్ట్రం దాటి, దెగ్లూర్ వైపు ఇచ్చారు. ఆ ఇంట్లో అందరూ మరాఠీయే మాట్లాడతారు.

మొన్న మధ్యాహ్నం ఫోన్ చేసింది. "పెద్దమ్మా, గా మాట మరాఠీల నేర్చుకున్న. వింటవా?" అంది. చెప్పమన్నాను. గబగబా చెప్పింది. నాకు మరాఠీ రాదు. మద్నూర్‌లో పనిచేసిన రోజుల్లో పట్టుకున్న ముక్కలు నాలుగైదు ఉన్నాయంతే. 'ఆయీ' అంటే అమ్మ అని తెలుసు. క్యాన్సర్ ఏ భాషలోనైనా క్యాన్సరే. మధ్యలో ఉన్నది సరిగ్గా చెప్పిందో లేదో తెలియలేదు.

"ఇంకోసారి చెప్పు బిడ్డా, నిమ్మలంగ" అన్నాను.

మొదలుపెట్టింది. అంతలో ఆమె వెనక ఎవరో పెద్దవయసు ఆడమనిషి మరాఠీలో ఏదో అడిగింది. పిల్ల గొంతు ఒక్కసారి తగ్గిపోయింది. ఏమీ లేదన్నట్టు ఏదో జవాబు చెప్పి, ఫోన్ పెట్టేసింది.